తివాచీకి రెండో కొస

ఇర్మెలికి గుండ్రంగా కూర్చోవడమంటే పడదు. కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో ఓ కాగితం రుమాళ్ళ డబ్బా పెట్టి, "ఇప్పుడు ఒక్కొక్కరే మనసు విప్పి మాట్లాడండి" అంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. మనసేమన్నా చొక్కా గుండీనా, చెప్పగానే విప్పడానికి?

అరవై ఒక్కేళ్ళ మనిషి. మా ఉత్తరపు చలిదేశంలో, కోత్కా రేవు పట్నంలోనే పుట్టింది, అక్కడే చెడింది, అక్కడే బాగుపడింది. పొద్దున్నే బడి వంటింట్లో నాలుగు వందల మంది పిల్లలకి వండుతుంది. గురువారమైతే బఠానీ సూపు. తక్కిన రోజుల్లో ఏది వండినా పిల్లలు మొహం ముడుచుకునే తింటారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతుంది, సగం తప్పులే. పదిహేనో ఏట మొదటి మత్తు మాత్ర వేసుకుంది. ఇరవయ్యో ఏటికి పౌడరు దాకా వెళ్ళింది. నలభై రెండో ఏట మానేసింది. ఆ మధ్య కాలం గురించి ఎవరడిగినా చెబుతుంది. రెండుసార్లు జైలు, ఒకసారి చావు దాకా వెళ్ళి రావడం, కన్నకూతుర్ని వేరెవరో పెంచడం, ఏదీ దాచదు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు, ముప్ఫై ఏళ్ళుగా దాన్ని లోపలే పెట్టుకు తిరుగుతోంది.

ఐదేళ్ళ కిందట మునిసిపాలిటీ యువజన విభాగం నుంచి ఓ అమ్మాయి వచ్చింది. "మత్తుకి అలవాటుపడ్డ పిల్లలు మా మాట వినరు. నువ్వు ఆ దారిన వెళ్ళి తిరిగొచ్చినదానివి, నీ మాట వింటారు. వాళ్ళకి వాళ్ళే ఒకరికొకరు తోడుండేలా ఓ జట్టు పెడదాం" అంది. ఇర్మెలి సరేనంది. చర్చి వెనక హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. ఆరుగురు పిల్లలొచ్చారు. మా వాళ్ళకి మాటలు తక్కువ, అందులోనూ పదహారేళ్ళ వాళ్ళకి అసలే తక్కువ. నలభై ఐదు నిమిషాలు బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. మధ్యలో ఒకడు తుమ్మాడు. ఆ రోజు జరిగిన చర్చంతా అదే.

మూడు మంగళవారాలు అలాగే సాగాయి. నాలుగో వారం నడివేసవి పండగ దగ్గర పడింది. పండగ ముందు ఊరు ఊరంతా తివాచీలు ఉతుక్కునే రోజులవి. పాతబట్టలు పీలికలుగా చించి నేసిన పొడుగాటి తివాచీలు, ఏడాదంతా తొక్కినవి, రేవు పక్కనున్న ఉతుకుడు వేదిక మీదికి మోసుకెళ్ళి, పైన్ చెట్టు నూనె సబ్బు రాసి, బ్రష్షుతో బరాబరా రుద్ది, తొట్లో జాడించి, పిండే మరలో పెట్టి, కప్పు కింద దండేల మీద ఆరేస్తారు. ఆ మర ఒక్కరివల్ల అయ్యేది కాదు. ఒకరు పిడి తిప్పాలి, ఇంకొకరు అవతల తడి కొస పట్టుకు లాగాలి. ఒంటరిగా వచ్చినవాళ్ళు పక్కవాళ్ళ వంక చూస్తారు, పక్కవాళ్ళు లేచొచ్చి కొస పట్టుకుంటారు. ముక్కూమొహం తెలియకపోయినా కాదనడం మా దగ్గర లేదు.

ఇర్మెలి ఆ ఏడు ఇంకా తన తివాచీ ఉతుక్కోలేదు. హాల్లో మూగనోము పట్టిన ఆరుగురి వంక చూసి, "మీకెలాగూ మాట్లాడ్డం రాదు, తివాచీ ఉతకడమైనా వచ్చా?" అంది.

ఆ మధ్యాహ్నం మోకాళ్ళ మీద వంగి, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేకుండా రుద్దుతుంటే, తుమ్మిన కుర్రాడు నురగ వంక చూస్తూ, "మా అమ్మకి తెలీదు. నిన్న కూడా తీసుకున్నా" అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. పక్కనున్న పిల్ల, "నేను మొన్న" అంది. ఇర్మెలి తొట్టి నింపుతూ, "వచ్చే మంగళవారం వస్తావా?" అని అడిగింది. అదొక్కటే అడిగింది. అప్పటినుంచీ అదే వాళ్ళ ఆనవాయితీ అయింది. ఎవరు ఏం చెప్పినా, ఎంత ఘోరం చెప్పినా, ఎందుకు చేశావని ఎవరూ అడగరు. వచ్చే మంగళవారం వస్తావా అనే అడుగుతారు.

ఆ తుమ్మినవాడే కాపో. ఇప్పుడు ఇరవై ఒక్కేళ్ళు, టైర్ల షాపులో పని, మూడేళ్ళుగా మత్తు ముట్టలేదు. మంగళవారం జట్టుకి ఇర్మెలి తర్వాత వాడే పెద్ద. చలికాలం చర్చి హాల్లో పాత దుప్పట్లు పీలికలు కోసి ఉండలు చుడతారు. మే నెల రాగానే రేవుకొస్తారు. మునిసిపాలిటీ వాళ్ళు సబ్బులూ బ్రష్షులూ పెట్టుకోవడానికి ఓ చిన్న గది తాళంచెవి ఇచ్చారు, ఆ గదిలో ఓ కాఫీ మర కూడా ఉంది. జట్టు ఆస్తిపాస్తులు అవే.

ఈ ఏడు వేసవికి జట్టులో కొత్తగా చేరింది మింతు. పదహారేళ్ళు, ఆకుపచ్చ జుట్టు, మనిషి మూరెడు, నోరు బారెడు. తల్లి పడవలో వంటమనిషి, నెలకి పది రోజులు ఇంట్లో ఉంటుంది. మింతు మాత్రలకి అలవాటు పడింది పద్నాలుగో ఏట. ఇప్పుడు మానేసి ఏడు వారాలు. ఇర్మెలికి ఆ పిల్లంటే ఉన్న ఇష్టం ఎంతంటే, దాన్ని దాచుకోవడానికి ఎప్పుడూ విసుక్కుంటూ ఉండేది.

రేవులో అందరికీ పెద్ద దిక్కు సైమి. ఎనభై ఆరేళ్ళు. ఊళ్ళో అందరూ అందర్నీ పేరుపెట్టి నువ్వనే పిలుచుకుంటారు గానీ, ఇర్మెలి మాత్రం సైమిని మీరనేది. వయసుకి మర్యాద అనుకునేవారు చూసినవాళ్ళు. అసలు సంగతి మర్యాద కాదు, భయం.

పండగ ఇంకా పది రోజులుందనగా మంగళవారం సైమి తన చక్రాల నడక బండి మీద ఆరు మీటర్ల తివాచీ వేసుకొచ్చింది. ఆకుపచ్చా తెలుపూ చారలు, మధ్యలో ఒక్క ఎర్ర చార. పోయిన చలికాలమంతా కూర్చుని తానే నేసింది. రుద్దడం అయ్యాక చుట్టూ చూసింది. అందరి చేతుల్లో నురగ, మింతు ఒక్కతే బల్ల మీద కూర్చుని యాలకుల బన్ను తింటోంది.

"ఏయ్ పిల్లా, ఇటు రా."

"నాకు పేరుంది."

"నాకూ ఉంది. కొస పట్టుకో."

మింతు బన్ను నోట్లో కుక్కుకుని వచ్చి కొస పట్టుకుంది. సైమి పిడి తిప్పుతూ ఆ పిల్లని ఎగాదిగా చూసింది.

"జుట్టుకేమైంది?"

"రంగేశా."

"కావాలనేనా?"

"కావాలనే."

"అయితే పర్లేదు. ఏదన్నా జబ్బేమో అనుకున్నా."

"నీకెన్నేళ్ళు మామ్మా?"

"ఎనభై ఆరు. నీకు?"

"నలభై తొమ్మిది."

"ఏళ్ళా?"

"రోజులు. మానేసి."

సైమి రెండు చుట్లు తిప్పింది. "రేపు యాభై అన్నమాట. నేను సిగరెట్లు మానేసినప్పుడు మొదటి యాభై రోజులూ నరకం."

"ఆ తర్వాత?"

"తర్వాతా నరకమే. కాకపోతే అక్కడ నీకు నలుగురూ తెలిసుంటారు. గట్టిగా లాగు, అన్నం తినలేదా?"

ఇర్మెలి ఇదంతా వింటూ తనలో తాను నవ్వుకుంది. ఇద్దరూ కలిసి తివాచీని దండెం మీద వేశారు. మందపాటి తివాచీ రెండు రాత్రులైనా ఆరాలి. తాళం, కాపలా ఏమీ ఉండవు. ఎవరి తివాచీ వాళ్ళొచ్చి తీసుకెళతారు. తాతల నాటినుంచీ అంతే.

బుధవారమంతా ముసురు. గురువారం మధ్యాహ్నం సైమి వచ్చేసరికి దండెం మీద తివాచీ లేదు.

కబురు ఇర్మెలికి బఠానీ సూపు గిన్నెలు కడుగుతుండగా అందింది. చెప్పింది రేయో, రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, ఉతుకుడు వేదిక తన తాతముత్తాతల ఆస్తి అయినట్టు పెత్తనం చేస్తుంటాడు. ఇర్మెలి పరిగెత్తుకెళ్ళేసరికి వేదిక మీద పదిమంది పోగయ్యారు.

"నేను చెబుతూనే ఉన్నా. ఆ మత్తు పిల్లల్ని ఇక్కడికి తేవద్దని ఐదేళ్ళుగా చెబుతూనే ఉన్నా" అన్నాడు రేయో. "ముప్ఫై ఏళ్ళలో ఇక్కడ తివాచీ పోవడం ఇదే. మునిసిపాలిటీకి రాస్తా. మంగళవారానికల్లా ఆ గది తాళం లాక్కోకపోతే చూడు."

"వాళ్ళే తీశారని ఎవరన్నారు?" అంది ఇర్మెలి.

"మరి నేను తీశానా?"

సైమి తన నడక బండికున్న సీటు మీద కూర్చుని ఉంది. "ముప్ఫై ఏళ్ళ కిందట కూడా నాదే పోయింది" అంది మెల్లగా.

ఇర్మెలి ఖాళీ దండెం వైపు తిరిగింది. ఆ ముప్ఫై ఏళ్ళ కిందటి తివాచీ ఎక్కడికెళ్ళిందో భూమ్మీద తెలిసిన మనిషి తనొక్కతే.

తొంభై నాలుగు సెప్టెంబరు. చేతిలో చిల్లిగవ్వ లేదు, ఒళ్ళంతా పురుగులు పాకుతున్నట్టుంది. ఇదే దండెం మీద నీలం, బూడిద రంగు చారల తివాచీ. చుట్టచుట్టి సైకిలు మీద వేసుకుపోయి, పక్క ఊరి పాతసామాన్ల సంతలో అమ్మేసింది. వారం తర్వాత ఇటుగా వస్తే స్తంభానికి ఓ కాగితం అంటించి ఉంది. 'ఇది నా భర్త పని చొక్కాలతో నేసిన తివాచీ. ఆయన లేరు. తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఇక్కడే వేయండి. ఏమీ అడగను. సైమి.' ఆ కాగితం వానకి తడిసి, రాలిపోయేదాకా నెల రోజులు అక్కడే ఉంది. ఆ నెల ఇర్మెలి వేరే వీధిలోంచి తిరిగింది. తర్వాత అన్నీ మానేసింది, అందరికీ క్షమాపణ చెప్పింది, సైమికి మాత్రం చెప్పలేకపోయింది. చొక్కాలు తిరిగి తేలేనప్పుడు ఏమని చెబుతుంది?

దొంగకి దొంగ అడుగులు తెలుస్తాయని ఆమె నమ్మకం. మింతు నిన్నటినుంచి ఫోన్ ఎత్తడం లేదని కాపో చెప్పగానే ఇర్మెలికి అంతా కళ్ళకు కట్టినట్టు కనబడింది. యాభయ్యో రోజు, ముసురు, ఎవరూ లేని రేవు, దండెం మీద కొత్త తివాచీ. ఆ స్థితిలో తనైతే ఏం చేసేదో అదే మింతు చేసుంటుందనుకుంది. గుండెల్లో భయం ఒకటి, దాని మీద కోపం ఒకటి. ఫోన్ తీసి మెసేజ్ పెట్టేసింది: 'తివాచీ ఎక్కడ?'

కాపో అది చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇదేంటి ఇర్మెలీ?"

"ఏం, అడక్కూడదా?"

"నేను మా అమ్మ ఉంగరం అమ్మేసినప్పుడు నువ్వు నన్ను ఉంగరం ఎక్కడని అడిగావా?"

"లేదు."

"ఏమడిగావు?"

ఇర్మెలికి తల కొట్టేసినట్టయింది. ఐదేళ్ళుగా ఎంతోమంది పిల్లల్ని ఒక్క ప్రశ్నే అడిగిన మనిషి, ఈ పిల్ల దగ్గరికొచ్చేసరికి పోలీసులడిగే ప్రశ్న అడిగింది. మింతుని చూసి అడిగింది కాదు అది, తన పాత మొహాన్ని చూసుకుని అడిగింది. వెంటనే ఇంకో మెసేజ్ పెట్టింది. 'తివాచీ గోల వదిలెయ్. మంగళవారం కాఫీ ఉంటుంది. నువ్వు రా.' చదివినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు.

శుక్రవారం ఇర్మెలి మింతు ఇంటికెళ్ళి తలుపు కొట్టింది. తీయలేదు. శనివారం కాపోని వెంటబెట్టుకెళ్ళింది, వాడు కొట్టినా తీయలేదు. పక్కింటావిడ, "ఉంది, కింద బట్టలుతికే గదిలో ఎప్పుడూ అదే ఉంటోంది. మా వంతు కూడా లాగేసుకుంది" అని తిట్టిపోసింది. బతికే ఉందన్నమాట. ఆ ఒక్క మాటకి ఇర్మెలి మెట్ల మీద కూలబడి కాసేపు ఊపిరి తీసుకుంది. పోయినేడు ఏలిస్ అనే కుర్రాడు ఇలాగే ఫోన్ ఎత్తడం మానేశాడు. తర్వాతి మంగళవారం వాళ్ళు తివాచీలు ఉతకలేదు, నల్లబట్టలు వేసుకుని శ్మశానానికెళ్ళారు. ఇర్మెలికి ఇప్పుడు తివాచీ అక్కర్లేదు, గది తాళంచెవీ అక్కర్లేదు. ఆ ఆకుపచ్చ జుట్టు పిల్ల మంగళవారం కనబడితే చాలు.

మంగళవారం ఎండ కాసింది. పండగ మూడు రోజుల్లో ఉంది కాబట్టి వేదిక కిటకిటలాడుతోంది. రేయో మునిసిపాలిటీకి రాసిన ఉత్తరం నకలు జేబులో పెట్టుకుని అందరికీ చదివి వినిపిస్తున్నాడు. సైమి తొట్టి పక్కన కూర్చుని కాఫీ తాగుతోంది. ఇర్మెలి ఉతకడానికి వంటింటి పట్టా ఒకటి తెచ్చింది గానీ, గంటసేపటినుంచి రుద్దిన చోటే రుద్దుతోంది.

నాలుగున్నరకి రేవు దారిలో చక్రాల చప్పుడు. మింతు పసిపిల్లల తోపుడు బండి తోసుకుంటూ వస్తోంది. బండిలో చుట్టచుట్టిన తివాచీ. వేదిక మీద బ్రష్షుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. దగ్గరికొచ్చేకొద్దీ ఏదో వాసన, మల్లెపూల సెంటు కొట్టినట్టు. బట్టల్ని మెత్తబరిచే ద్రవం వాసన అది.

మింతు ఎవరివైపూ చూడకుండా తొట్టి ముందు బండి ఆపింది.

"బుధవారం తీసుకున్నాను" అంది, తొట్లో నీళ్ళతో మాట్లాడుతున్నట్టు. "రెండు మాత్రలు. ఇంట్లో ఎవరూ లేరు, భయమేసి ఇక్కడికొచ్చా. మీరెవరన్నా ఉంటారేమోనని. వాన, ఎవరూ లేరు. చలేసింది. ఇది చుట్టుకుని పడుకున్నా. దీని మీదే కక్కేశాను. అలా వదిలేసి వెళ్ళలేక ఇంటికి తీసుకెళ్ళి ఉతికా."

"ఉతికావా? దేంతో?" అన్నాడు రేయో.

"మెషీన్లో. మా బిల్డింగ్ కింద ఉంది కదా, పెద్దది. వాసన పోలేదు. మూడుసార్లు వేశా. తొంభై డిగ్రీల వేడిలో."

వేదిక మీద ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. మాత్రలన్నప్పుడు ఎవరూ కిక్కురుమనలేదు. కక్కానన్నప్పుడూ చలించలేదు. తొంభై డిగ్రీలనేసరికి పదిమందీ గుండెల మీద చేయి వేసుకున్నారు.

"తొంభయ్యా?" అంది ఒకావిడ.

"పీలికల తివాచీని?" అంది ఇంకొకావిడ.

"మెషీన్లోనా?" రేయో మునిసిపాలిటీ ఉత్తరం సంగతే మర్చిపోయాడు. "పైగా ఆ మెత్తబరిచే నీళ్ళు పోసిందే. వాసన చూడండి."

కాపో తివాచీ విప్పాడు. తెల్ల చారలన్నీ లేత గులాబీ రంగులోకి వచ్చాయి, ఎర్ర చార ఊరంతా తిరిగొచ్చింది. అంచులు ముడుచుకుపోయి దోసకాయల్లా వంకర తిరిగాయి. ఆరు మీటర్లది ఐదు కూడా లేదు.

సైమి కాఫీ కప్పు పక్కన పెట్టింది. వంగి, తివాచీని రెండు వేళ్ళతో నలిపి చూసింది. మింతు తలొంచుకుని నిలబడింది.

"యాభై చేరలేదన్నమాట" అంది సైమి.

"లేదు."

"ఇవాళ్టికెన్ని?"

"ఆరు."

"ఊఁ. మాత్రల సంగతి ఇర్మెలి చూసుకుంటుంది. తొంభై డిగ్రీల సంగతి మాత్రం నేను నీతో మాట్లాడాలి." లేచి చొక్కా చేతులు పైకి మడుచుకుంది. "ముందు ఈ కంపు వదలాలి. పైన్ సబ్బు తే. నువ్వే రుద్దు, నేను చూస్తా."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందరికీ పాకింది, రేయో కూడా నవ్వును మీసాల్లోనే ఆపాలని చూశాడు గానీ కుదర్లేదు. బ్రష్షులు మళ్ళీ కదిలాయి. మింతు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇర్మెలి వెళ్ళి పక్కనే కూర్చుని రెండో వైపు నుంచి రుద్దడం మొదలెట్టింది.

"నీ మెసేజ్ చూశా. మొదటిది" అంది మింతు.

"తప్పయింది."

"నిజంగా నేను అమ్ముకున్నాననుకున్నావా?"

"అనుకున్నా."

"ఎందుకు?"

జట్టులో ఎందుకని ఎవరూ అడగరు. ఐదేళ్ళలో మొదటిసారి ఒకరు అడిగారు, అదీ తననే. ఇర్మెలి బ్రష్షు ఆపింది. జవాబు తెలుసు, ఆ జవాబు వినాల్సిన మనిషి మూడడుగుల దూరంలో నిలబడి, "అంచులు, అంచులు రుద్దండి" అంటోంది.

"వచ్చే మంగళవారం వస్తావా?" అంది ఇర్మెలి, మాట తప్పించడానికి.

"తెలీదు" అంది మింతు. నిజంగానే తెలియని మొహం. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాల్సిన మనిషి మొహం అది, ఇర్మెలికి బాగా తెలిసిన మొహం.

జాడించడం అయ్యాక మర దగ్గరికి మోసుకెళ్ళారు. ఇర్మెలి పిడి పట్టుకుంది, సైమి తివాచీని రోలర్ల మధ్యకి అందిస్తోంది, అవతల మింతు కొస అందుకుంది. పిడి రెండు చుట్లు తిరిగింది. ఇర్మెలికి మింతు చేతులు కనబడుతున్నాయి, సబ్బుకి ఎర్రబడ్డ చిన్న చేతులు. ఊరంతా చూస్తుండగా ఈ పిల్ల బండి తోసుకుంటూ వచ్చింది. దాక్కోవడానికి తలుపుంది, తాళముంది, అయినా వచ్చింది. పదహారేళ్ళది. తనకి అరవై ఒకటి.

"సైమీ, తొంభై నాలుగులో పోయిన తివాచీ నేనే తీశాను" అంది ఇర్మెలి.

సైమి చేతులు ఆగిపోయాయి. పిడీ ఆగిపోయింది. రోలర్ల కిందనుంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

"నీలం, బూడిద చారలది. సెప్టెంబరులో. పౌడరు కోసం సంతలో అమ్మేశా. మీరు అంటించిన కాగితం కూడా చదివాను. చదివి కూడా రాలేదు."

సైమి ఆమె వంక చూసింది. కోపమో ఏడుపో తెలియని మొహం.

"ఎవరు కొన్నారు?"

"ఎవరో ఒకావిడ. కడుపుతో ఉంది. పిల్లల గదిలోకి కావాలంది."

"పిల్లల గదిలోకా?"

"అవును."

"ముప్ఫై ఏళ్ళుగా అది ఎక్కడో చెత్తకుప్పలో కుళ్ళిపోయిందనుకున్నా" అంది సైమి. "ఆయన చొక్కాల మీద పిల్లలు ఆడుకున్నారన్నమాట." తడి చేత్తో కళ్ళు తుడుచుకుంది, సబ్బు పడి ఇంకా మండినట్టున్నాయి. "ఆ ముక్క అప్పుడే వచ్చి చెప్పుంటే నాకు ఎన్ని రాత్రులు నిద్ర పట్టేదో నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకు కోపం వస్తోంది. కోపం తెచ్చుకోవద్దని డాక్టరు చెప్పాడు. తిప్పు."

ఇర్మెలి తిప్పింది. తివాచీ పూర్తిగా బయటికొచ్చింది. ముగ్గురూ మోసుకెళ్ళి దండెం మీద వేశారు. సైమి ముడతలు సరిచేసి, నడక బండి తిప్పుకుని, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా రేవు దారి పట్టింది. నాలుగడుగులు వేసి ఆగింది గానీ, వెనక్కి తిరగలేదు. మళ్ళీ కదిలింది.

ఇర్మెలి తన పట్టా చుట్టుకుని, బ్రష్షులు బకెట్లో వేసుకుంది. తాళంచెవి కాపో చేతికిచ్చేసింది. రేపటికి ఊరంతా తెలుస్తుంది. సైమి వచ్చే వారం ఇక్కడే ఉంటుంది, ఇదే తొట్టి పక్కన, ఇదే కాఫీతో. ఆ కళ్ళ ముందుకి మళ్ళీ రావడం తన వల్ల కాదనిపించింది ఇర్మెలికి. ఇన్నేళ్ళుగా పిల్లల్ని ఆ ప్రశ్న ఎంత తేలిగ్గా అడిగేసిందో, దానికి జవాబు చెప్పడానికి వాళ్ళకి ఎంత కష్టమయ్యుంటుందో ఇప్పుడు తెలిసొచ్చింది. బకెట్ ఎత్తుకుని నడిచింది.

వెనకనుంచి తోపుడు బండి చప్పుడు. మింతు పరిగెత్తుకొచ్చి పక్కన నడవసాగింది. ఆయాసపడుతోంది.

"ఇర్మెలీ."

"ఏంటి?"

"వచ్చే మంగళవారం వస్తావా?"

ఇర్మెలి నడక ఆపింది. పిల్లలు చూసినట్టే తన బూట్ల వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"నువ్వో?" అంది చివరికి.

"నువ్వొస్తే వస్తా."

"వస్తాను" అంది ఇర్మెలి. "వచ్చేటప్పుడు బ్రష్షు తెచ్చుకో. ఇవాళ రుద్దింది నా దాంతో."